చౌకు తవ్విన తొమ్మిది వారాలు

గెంట్, 7 ఆగస్టు 1979, మంగళవారం

ఒరే ఒడీల్,

నువ్వూ నీ పెళ్ళాం కలిసి నన్ను రైల్లోకి తోసేశారు కనుక మొదటి ఉత్తరం తిట్లతోనే మొదలుపెట్టాలనుకున్నాను. కాని ఎదుటి సీట్లో కూర్చున్న ఒకావిడ తన మోకాళ్ళ ఆపరేషన్ గురించి గెంట్ వచ్చేదాకా చెబుతూనే ఉండడంతో కోపమంతా ఆవిడ మీదికి మళ్ళింది. నువ్వు బతికిపోయావు.

ముప్పై ఒక్క ఏళ్ళు స్టేన్‌బ్రూక్ చౌకులో ఒకే చోట బండి వెనక నిలబడి బంగాళదుంప ఫ్రైస్ వేయించినదాన్ని. మీ బావ పోయాక ఈ తొమ్మిదేళ్ళూ ఒంటిచేత్తో నడిపాను. ఇప్పుడు రాళ్ళు మారుస్తామని చౌకంతా తవ్వి పోశారు. ఏడు వారాలు ఇంట్లో కూర్చోవడం నావల్ల కాదని నీకు తెలుసు. "వదినా, జన్మలో ఒక్కసారైనా ఇంకొకరు వేయించింది తిని రా" అంది జెర్మేన్. సరే, తింటున్నాను.

ఇక్కడ సంత జరిగే చౌకులో ఒక మీసాలాయన బండి ఉంది. ముక్క వేలి మందం, రంగు సరిగ్గా ఉంది. మొదటి వాయి తీశాక ఆరనిచ్చే ఓపిక కూడా ఉంది ఆయనకు. రెండో వాయి ఎత్తి విదిలిస్తే ఎండుటాకుల చప్పుడు వచ్చింది. నిలువుగా పట్టుకుంటే ముక్క వంగలేదు. కాగితపు పొట్లం మాత్రం వదులుగా చుట్టాడు. చూస్తూ ఊరుకోలేక చెప్పేశాను. "మీరు ఇన్స్పెక్టరా అమ్మా?" అన్నాడు. కాదన్నాను. "అయితే తినండి" అన్నాడు. సగం తిన్నాను, సగం పావురాలకు వేశాను. కాలువ పక్కన ఒక గోధుమరంగు బీరు కూడా తాగాను. అక్కడ అందరూ గంటల తరబడి అలా ఎలా కూర్చుంటారో! నేను పది నిమిషాల్లో లేచాను.

చౌకు పని ఎందాకా వచ్చింది? బండి మీ కొట్టంలో పొడిగా ఉందా? చూరు కారే మూలన పెట్టలేదు కదా? జవాబు ఆంట్వెర్ప్ పెద్ద పోస్టాఫీసుకు రాయి. రేపే పోతున్నాను. ఇక్కడ చూడాల్సింది అయిపోయింది.

అక్క, గోడలీవ

•

మా తోట, 11 ఆగస్టు

అక్కకు,

బండి పొడిగా ఉంది. దాని మీద ఒక కోడి పడుకుంటోంది. లేపితే జెర్మేన్ ఊరుకోవడం లేదు.

హాప్ తీగలు స్తంభాల కొసలు దాటాయి. ఈసారి పూలు గుత్తులుగా దిగాయి. ఇంకో రెండు వారాల్లో కోత. ఎండ ఇలాగే కాస్తే దేశంలో ప్రతి బీరుబుడ్డిలోనూ నా హాప్ పూల చేదు ఉంటుంది. అందుకే అడుగుతున్నా, బీరు తాగానని రాశావు, ఎలా ఉందో రాయలేదేం? నీకు చిన్నప్పటి నుంచీ ఎవరి కొట్టంలో పూలు ఎక్కువ ఎండాయో వీధి చివర నిలబడి వాసన చూసి చెప్పే అలవాటు కదా. ఆంట్వెర్ప్‌లో గుండ్రటి గ్లాసులో పోసే బీరు ఒకటుంది. అందులో హాప్ ఎక్కడిదో కనిపెట్టి చెప్పు. పందెం.

చౌకు పని బాగా సాగుతోంది. నువ్వేమీ తొందరపడకు. హాయిగా తిరుగు. తొందరేం లేదు.

నిన్న తపాలా ఫెర్నాండ్ నీ బండి ఉండే చోటుకొచ్చి, గోతిలోకి కాసేపు చూసి వెళ్ళిపోయాడు. శుక్రవారం కదా, కాళ్ళు అలవాటుగా తెచ్చి ఉంటాయి.

తమ్ముడు, ఒడీల్

•

మెహెలెన్, 17 ఆగస్టు

ఒడీల్,

"తొందరేం లేదు" అని ఒకే ఉత్తరంలో ఎన్నిసార్లు రాశావో ఒకసారి చదువుకో. ఏదైనా ఒక్కసారి చెబితే నిజం. పదేపదే చెప్పావంటే నీ చొక్కా జేబులో ఏదో దాచావన్నమాట. చిన్నప్పుడు చెర్రీపండ్లు దొంగిలించినప్పుడూ ఇలాగే మాట్లాడేవాడివి.

నీ ఉత్తరం కోసం ఆంట్వెర్ప్‌లో వారం రోజులు ఉన్నాను. ఓడరేవు దగ్గర ఒకడు ముక్కల్ని ఒకే వాయిలో వేయించేస్తున్నాడు. "రెండోసారి వేయవా నాయనా?" అన్నాను. "ఇంత పొడుగు క్యూ ఉంది, రెండోసారి వేయాలంటే మీరే లోపలికి రావాలి" అన్నాడు. వెళ్ళేదాన్నే, గొళ్ళెం లోపలి నుంచి పెట్టుకున్నాడు. క్యూలో ఉన్న నావికులు ఒకటే నవ్వు.

నీ గుండ్రటి గ్లాసు బీరు తాగాను. చల్లగా ఉంది. నురగ రెండు వేళ్ళ ఎత్తు నిలిచింది. పందెం నువ్వే గెలిచావనుకో.

ఇక్కడి గుడి గోపురం ఎక్కడానికి అయిదువందల మెట్లున్నాయి. ఎక్కాను. పై నుంచి చూస్తే చుట్టూ ఎన్ని ఊళ్ళు! ఒక్కో ఊళ్ళో ఒక్కో బండి, ఒక్కో బండి దగ్గర ఒక్కో క్యూ. అందరూ ఏం తింటున్నారో వాళ్ళకు తెలుసు కదా అనిపించింది. ఎందుకు అనిపించిందో అడగకు. కాలు కాలిన పిల్లిలా తిరుగుతున్నాను. ఏ ఊళ్ళో దిగినా తర్వాతి రైలు ఎన్నింటికో చూసుకుంటున్నాను.

పని ఎందాకా వచ్చిందని అడిగాను, "బాగా సాగుతోంది" అన్నావు. అది జవాబేనా? రాళ్ళు పరిచారా లేదా? నామూర్‌కు రాయి.

గోడలీవ

•

మా తోట, 23 ఆగస్టు

అక్కకు,

చెర్రీపండ్లు దొంగిలించింది నువ్వు. పట్టుబడింది నేను. అది వేరే సంగతి.

చౌకు పని కొంచెం వెనకబడింది. గొట్టాలు పగిలాయట. ఏడు వారాలు తొమ్మిది కావచ్చు. కాబట్టి ఇంకో రెండు వారాలు తిరుగు. నీకు మంచిదే. వసంతం నుంచీ నువ్వు చాలా అలిసిపోయి కనిపించావు, నేను చెప్పలేదంతే.

ఇంకో మాట. కోతకు ఫ్రాన్సు వైపు నుంచి దంపతులొచ్చారు. మా కొట్టం మీద జాగా లేక, నీ ఇంటి పై గదిలో పడుకోమన్నాం. తప్పుగా అనుకోకు. మంచం మీద మా దుప్పట్లే వేశాం. బావ కోటు, టోపీ తీసి బీరువాలో జాగ్రత్తగా పెట్టింది జెర్మేన్.

కోత మొదలైంది. చేతులు జిగురు. ఈ కాగితం మీది పసుపు మరకలు అవే, వాసన చూడు.

ఒడీల్

వదినా, కిటికీలు రోజూ తీసి గాలి రానిస్తున్నాను. నువ్వు నిశ్చింతగా ఉండు. — జెర్మేన్

•

నామూర్, 30 ఆగస్టు

ఒడీల్‌కూ జెర్మేన్‌కూ,

అయితే నా గది ఇచ్చేశారు. మీ బావ టోపీ మేకు మీద తొమ్మిదేళ్ళుగా ఉంది. దాన్ని తీసి బీరువాలో పెట్టడానికి మీకు మూడు వారాలు కూడా పట్టలేదు. ఇంకో రెండు వారాలు తిరగమంటున్నారు. అప్పటికి కింది గది కూడా ఖాళీ చేస్తారేమో. నిశ్చింతగా ఉన్నాను.

నేనిక్కడ బాగానే ఉన్నాను. రెండు నదులు కలిసే చోట, కోట కింద, ఓగుస్త్ అనే ఆయనకు ఫ్రైస్ బండి ఉంది. అరవై దాటినవాడు, భార్య పోయింది. మనిషి పీపా, గొంతు బాకా. నేను రోజంతా ఎదుటి బెంచీ మీద కూర్చుని ఆయన గరిటె ఎలా తిప్పుతున్నాడో చూస్తుంటే మూడో రోజు పిలిచాడు.

"మదామ్, నా ముఖం మీద ఏమైనా రాసి ఉందా?"

నా ఫ్రెంచి నీకు తెలుసు. "నేను... వేయించు... ముప్పై ఒక సంవత్సరం" అన్నాను.

"అయితే చూస్తారేం? ఇటు రండి, నా నడుం విరిగిపోతోంది!"

వెళ్ళాను. గొంగళి చుట్టినట్టు చేతికి గుడ్డ చుట్టుకుని నాలుగు గంటలు వేయించాను. ఆయనా ఎద్దు కొవ్వే వాడతాడు, కాని రెండో వాయికి మంట ఇంకొంచెం పెంచుతాడు. బీరులో ఉడికించిన మాంసం పులుసు పొట్లంలో ఫ్రైస్ మీద పోసి ఇస్తాడు. జనం వేళ్ళు నాకుతూ తింటారు. ముందు నేను ఫ్రెంచి రాని ఫ్లెమిష్ మనిషినని గొణిగారు. రెండో రోజుకు "ఆ ఉత్తరాది ఆవిడ వేయించినవి ఇవ్వు" అని అడిగి మరీ తీసుకున్నారు. చేతులకు పని దొరికాక కాళ్ళు కాస్త నిలిచాయి.

కాబట్టి మీరేమీ తొందరపడకండి. తొందరేం లేదు.

గోడలీవ

•

మా తోట, 5 సెప్టెంబరు

అక్కా,

ఈ ఓగుస్త్‌ను నేనేమని పిలవాలి? బావా అనా? ఫ్రెంచిలో బావను ఏమంటారో జెర్మేన్ పక్కింటి పంతులమ్మను అడిగి రాసి పెట్టుకుంది. నవ్వుతూనే రాస్తున్నాను గాని ఆ ఉత్తరం చదివిన రోజు అన్నం సరిగా దిగలేదు. గది గురించి నువ్వలా అనుకుంటావని అనుకోలేదు. ఆ దంపతుల్ని మొన్నే మా వంటింట్లోకి మార్చాం. టోపీ మళ్ళీ మేకుకు తగిలించాను.

కోత సగమైంది. ఆదివారం నుంచి వాన. తడి పూలు ఆరబెట్టే గదిలో పోస్తే బూజు పడుతుంది, తీగ మీద వదిలేస్తే ఎర్రబడుతుంది. అటూ ఇటూ నేనే తిరగాలి. ఇది కాక ఊళ్ళో వేరే పనులు పడ్డాయి. వారానికి మూడుసార్లు స్టేన్‌బ్రూక్ వెళ్ళాల్సి వస్తోంది.

ఒక్కటి అడుగుతాను, తిన్నగా చెప్పు. నువ్వు తిరిగొచ్చి బండి పెడతావా, పెట్టవా? అవును, కాదు, ఏదో ఒకటి. పద్నాలుగో తారీకులోగా నాకు తెలియాలి. ఎందుకని ఇప్పుడు అడక్కు.

ఒడీల్

•

ఫ్లోరాన్‌విల్, 11 సెప్టెంబరు

ఒడీల్,

పై తారీకు చూశావు కదా, నామూర్ వదిలేశాను. ఓగుస్త్ సంగతి జెర్మేన్‌కు చెప్పు, ఆ ఫ్రెంచి మాట అవసరం లేదని. ఆయన మంచివాడే. తప్పు నాది. అంతకంటే ఎక్కువ చెప్పాలని లేదు.

ఇది దేశం చివర. బస్సులో పావుగంట పోతే అడవిలో మఠం. అక్కడి సన్యాసులు కాచే బీరు కోసం ఎక్కడెక్కడి నుంచో వస్తారు. దానికి నడుం సన్నగా ఉన్న గ్లాసు. పక్క బల్లల వాళ్ళు మొదటి గుక్క తాగగానే కళ్ళు మూసుకున్నారు. ఒకాయన భార్య చెయ్యి పట్టుకున్నాడు. నేను లేచి బయటికొచ్చేశాను.

నీ ప్రశ్నకు జవాబు. తొందరేం లేదన్నావు, ఇంకా తిరగమన్నావు, గది ఇచ్చావు. ఇప్పుడు పద్నాలుగులోగా తేల్చమంటున్నావు. నీకు కావాల్సిన మాటేదో నాకు తెలియకపోలేదు. సరే, అదే చెబుతున్నాను. రాను. బండి పెట్టను. కోడికి ఇవ్వు, లేకపోతే అమ్మేయ్.

గోడలీవ

•

మా తోట, 16 సెప్టెంబరు, ఆదివారం

అక్కా,

నీ ఉత్తరం శుక్రవారం మధ్యాహ్నం, పద్నాలుగునే వచ్చింది. నేను ఇంట్లో లేను. వచ్చి చూసుకునేసరికి సాయంత్రం అయిదు. బూట్లు విప్పకుండా గుమ్మంలో నిలబడి చదివాను. ఆ తర్వాత రెండు రోజులు నీకు రాయడానికి చెయ్యి రాలేదు. ఇప్పుడు రాస్తాను, మొత్తం.

నువ్వు రైలెక్కిన వారానికే పుకారు పుట్టింది, కొత్త చౌకులోకి బళ్ళు మళ్ళీ రానివ్వరని. ఉత్త మాటలే అనుకున్నాను. ఆగస్టు ఇరవై ఒకటిన మునిసిపాలిటీ తలుపుకు కాగితం అంటించారు. నీ బండికి రైలు స్టేషను వెనక, బొగ్గు గోడౌను పక్కన జాగా ఇస్తారట. అభ్యంతరాలుంటే సెప్టెంబరు పద్నాలుగులోగా. నీకు రాద్దామని కూర్చున్నాను. జెర్మేన్ కాగితం లాక్కుంది. "ముప్పై ఒక్క ఏళ్ళలో వదిన మొదటిసారి ఊరు దాటింది. రాస్తే రేపే రైలెక్కి వచ్చేస్తుంది. మనం చూసుకుందాం" అంది. అందుకే నీకు రెండు వారాలు ఎక్కువ చెప్పాను. గొట్టాలు పగిలిన మాట కూడా నిజమే అనుకో.

రొట్టెల దుకాణం ఆల్మా గల్లాపెట్టె పక్కన సంతకాల కాగితం పెట్టింది. ఫెర్నాండ్ ఉత్తరాల సంచీలో ఒకటి పెట్టుకుని ఇంటింటికీ తిప్పాడు, అది రూల్సుకు విరుద్ధమని తనే చెబుతూ. నాలుగువందల పన్నెండు సంతకాలయ్యాయి. మన ఊళ్ళో ఓట్లకు కూడా అంతమంది రారు.

శుక్రవారం సభ. తీగల మధ్యనుంచి తిన్నగా వెళ్ళాను, బూట్ల నిండా బురద. కౌన్సిలర్ బోసార్ట్ లేచాడు, ఆ సన్నటాయన, పట్టుమెడగుడ్డ కట్టుకుంటాడు చూడు. "కొత్త రాళ్ళు వేసుకున్నాం. ఇంకా మనకు ఆ కొవ్వు కంపు ఎందుకు?" అన్నాడు.

నాకు మాట్లాడడం రాదని నీకు తెలుసు. కాని నోరు దానంతటదే తెరుచుకుంది. "అయ్యా, ప్రతి శుక్రవారం పన్నెండున్నరకు ఆ కంపు పట్టుకునే కదా తమరు మూల తిరిగి వచ్చేది?" అన్నాను. హాలంతా గొల్లుమంది. "నేను ఆఫీసు పని మీద వస్తాను!" అన్నాడు. "పెద్ద పొట్లం, ఊరగాయ దోసముక్కలతో, ఆఫీసు పని!" అని వెనక నుంచి ఆల్మా అరిచింది.

అయిదుకు ఆరు ఓట్లతో గెలిచాం. నీ జాగా నీకే.

పద్నాలుగులోగా చెప్పమన్నది అందుకు. సభలో అడుగుతారు, ఆవిడ నిజంగా తిరిగొస్తుందా అని. అడిగారు. వస్తుందని నేను చెప్పాను. నీ మాట అందకుండానే.

ఈ తిరుగుడులో రెండు రోజులు కోత ఆగింది. పాయ పక్కన తోటంతా ఎర్రబడింది. పనికిరాదు. పోతే పోనీ అనుకుంటూ ఇంటికొచ్చాను, చేతిలో నీ ఉత్తరం. "కోడికి ఇవ్వు" అని.

ఇప్పుడు ఆ నాలుగువందల పన్నెండు మందికి నేనేం చెప్పాలి? నువ్వే రాసి పంపు, చౌకులో నిలబడి చదువుతాను.

ఒడీల్

•

ఫ్లోరాన్‌విల్, 20 సెప్టెంబరు

తమ్ముడూ,

నీ ఉత్తరం పోస్టాఫీసు బెంచీ మీదే చదివాను. కౌంటరు మనిషి మంచినీళ్ళు తెచ్చి ఇచ్చింది. నీ గురించి నేననుకున్నవన్నీ నీకు చెప్పను. అవి నాకే సిగ్గుగా ఉన్నాయి. తోట పోయిందని రాసి, కిందనే "పోతే పోనీ" అన్నావు చూడు, ఆ మాట మింగుడుపడడం లేదు.

నువ్వు అంతా చెప్పావు కనుక నేనూ చెబుతాను.

ఫిబ్రవరిలో నాకు జ్వరం వచ్చింది గుర్తుందా? పదిరోజులు పడుకున్నాను. లేచేసరికి ముక్కు పోయింది. దిబ్బడ కాదు. వాసనే లేదు. దాంతో రుచీ పోయింది. కాఫీ వేడినీళ్ళు. రొట్టె పీచు. ఫ్రైస్ నోట్లో వేసుకుంటే వెచ్చటి కాగితం. వారం చూశాను, నెల చూశాను. ఎవరికి చెప్పను? ఫ్రైస్ వేసేదానికి ముక్కు లేదంటే ఎవరు తింటారు? కొవ్వు కాగిందో లేదో చప్పుడు విని వేశాను. దుంప వేగిందో లేదో రంగు చూసి తీశాను. ఊరందరినీ మోసం చేస్తున్నట్టే ఉండేది. సాయంత్రం బండి మూసేసరికి ఒళ్ళంతా చెమట.

జెర్మేన్ వెళ్ళమన్నప్పుడు అందుకే వెంటనే ఒప్పుకున్నాను. ఇంకో ఊళ్ళో, ఇంకొకరి చేతిలో, ఇంకో కొవ్వులో ఒక్క ముక్కైనా రుచి తగులుతుందేమో అని. గెంట్‌లో లేదు. ఆంట్వెర్ప్‌లో లేదు. నీ గుండ్రటి గ్లాసులో చలి ఒక్కటే ఉంది. నువ్వు హాప్ మరకల కాగితం వాసన చూడమన్నావు. ముక్కుకు ఆనించుకుని ఎంతసేపు కూర్చున్నానో.

నామూర్‌లో ఏం జరిగిందంటే, ఓగుస్త్ దుంపలు తేవడానికి వెళ్ళాడు. పొయ్యి మీద పులుసు అడుగంటింది. అటు వీపు పెట్టి పొట్లాలు చుడుతూ ఉన్నాను. వీధి చివర వాళ్ళకు వాసన తగిలి పరుగెత్తుకొచ్చారు. మూడడుగుల దూరంలో ఉన్న నాకు తెలియలేదు. పొగ కళ్ళకు కొట్టాక తిరిగి చూశాను. ఓగుస్త్ కసరలేదు. గిన్నె దింపి, నా ముఖంలోకి చూసి, "ఎప్పటి నుంచి, మదామ్?" అన్నాడు. అంతే. ఆ ప్రశ్నకు నిలబడలేక మర్నాడు పొద్దున్నే రైలెక్కేశాను.

ఆర్లాన్‌లో ముక్కు డాక్టరును చూశాను. తిరిగి రావచ్చు, రాకపోవచ్చు అన్నాడు.

ఇప్పుడు చెప్పు, ఇలాంటి దాని కోసమా నువ్వు బురద బూట్లతో సభకు పోయింది? చౌకులో చదవడానికి ఈ ఉత్తరం సరిపోతుందా?

గోడలీవ

•

మా తోట, 24 సెప్టెంబరు

అక్కా,

చదవను. అవసరం లేదు.

నీ ఉత్తరం జెర్మేన్ చదివి ఏప్రన్‌తో కళ్ళు తుడుచుకుంది. "అందుకా ఉప్పు!" అంది. ఆ మాటతో నాకూ అంతా అర్థమైంది.

నీకెవరూ చెప్పలేదు కనుక నేను చెబుతాను. మార్చి నుంచీ నీ ఫ్రైస్‌లో ఉప్పు రెండింతలైంది. ఒక్కో రోజు మూడింతలు. చేతికి తెలియక వేస్తూ పోయావు కాబోలు. ఫెర్నాండ్ పొట్లం తీసుకుని నీ కంట పడకుండా మలుపు తిరిగి, ముక్కల్ని ఒక్కొక్కటే దులుపుకుని తినేవాడు. ఆల్మా నీ బండి నుంచి నేరుగా బీరు కొట్టుకు పోయేది. బీరు కొట్టు ఆయనకు ఈ వేసవిలో తన అమ్మకాలు ఎందుకు పెరిగాయో తెలుసు, నీకు మాత్రం చెప్పొద్దని అందరికీ చెప్పాడు. నేను ప్రతి శుక్రవారం తిన్నాను. ఒకసారి "కాస్త ఉప్పు..." అన్నాను, నువ్వు గరిటె ఎత్తి చూసిన చూపుకు మిగతా మాట మింగేశాను.

ముక్కు సంగతి మాకు తెలియదు. నువ్వు అలిసిపోయావనుకున్నాం. బావ గుర్తొస్తున్నాడేమో అనుకున్నాం. అందుకే రైలెక్కించాం.

ఇదొక్కటి ఆలోచించు. సంతకం పెట్టిన నాలుగువందల పన్నెండు మందీ మార్చి నుంచీ ఆ ఉప్పు తిన్నవాళ్ళే. తిని, దులుపుకుని, మళ్ళీ క్యూలో నిలబడి, ఆ తర్వాత సంతకం పెట్టారు. నువ్వు ఎవరిని మోసం చేశావో నాకైతే అర్థం కావడం లేదు.

బండి నిన్న ట్రాక్టరుతో లాగి నీ చోట పెట్టాను. కొత్త రాళ్ళ మీద కాస్త ఒరిగింది, చక్రం కింద చెక్క పెట్టాను. కోడి కోపంగా ఉంది. నువ్వు రాకపోతే ఫ్రైస్ నేనే వేస్తానని ఊళ్ళో చెప్పాను. భయపడిపోయారు. ఆల్మా అయితే నీకు టెలిగ్రాం ఇస్తానంది.

రమ్మని నేను చెప్పను. ఇంతవరకు నీ తరఫున చాలా నిర్ణయాలు చేశాను, అవన్నీ తిరగబడ్డాయి. నీ ఇష్టం.

ఒడీల్

•

స్టేన్‌బ్రూక్, 7 అక్టోబరు, ఆదివారం

ఒడీల్,

నిన్న శనివారం బండి తెరిచాను. నువ్వు హాప్ మూటలతో బీరు కార్ఖానాల చుట్టూ తిరుగుతున్నావని జెర్మేన్ చెప్పింది. నువ్వొచ్చేదాకా ఆగలేక రాస్తున్నాను. మంగళవారం వస్తావటగా, అప్పటికి ఇది నీ బల్ల మీద ఉంటుంది.

నామూర్‌లో దిగి ఓగుస్త్‌కు క్షమాపణ చెప్పి వచ్చాను. మాడిన గిన్నెకు బదులు కొత్తది కొనిచ్చాను. తీసుకోనని అరిచాడు, చివరికి తీసుకున్నాడు. వసంతంలో మళ్ళీ రమ్మన్నాడు. వెళ్ళినా వెళ్తాను. లియేజ్ ఇంకా చూడలేదు. ఇంట్లో రెండు రాత్రులు పడుకున్నానో లేదో కాళ్ళు అప్పుడే రైళ్ళ గురించి ఆలోచిస్తున్నాయి. ఈ జబ్బు ముక్కుది కాదు, ముందు నుంచీ ఉండి ఉంటుంది. బండి వెనక నిలబడి ఉండడంతో తెలియలేదు.

పదకొండింటికి తలుపు ఎత్తేసరికి క్యూ బావి దాకా ఉంది. ముందు ఎవరనుకున్నావు? బోసార్ట్. పట్టుమెడగుడ్డ. "ఆఫీసు పని మీద వచ్చాను" అన్నాడు, నేను ఇంకా నోరు తెరవకముందే. వెనక నుంచి నవ్వులు.

గరిటె పక్కన పెట్టాను. పొద్దుటి నుంచీ మనసులో అప్పచెప్పుకున్న మాటలన్నీ ఎటో పోయాయి. "నాకు ఫిబ్రవరి నుంచి రుచి తెలియడం లేదు. వాసనా లేదు. ఉప్పు పోస్తున్నది నేనే, నాకే తెలియలేదు" అన్నాను. గట్టిగానే అన్నాను, బావి దాకా వినిపించేలా.

 ఫెర్నాండ్ టోపీ తీసి మళ్ళీ పెట్టుకున్నాడు.

రెండో వాయి తీశాను. విదిలించాను, చప్పుడు బాగుంది. చిటికెడు ఉప్పు వేసి, ఒకే ఒక్క ముక్క ఫోర్కుకు గుచ్చి బోసార్ట్‌కు అందించాను. ముప్పై ఒక్క ఏళ్ళలో ఎవరినీ అడగని మాట అడిగాను.

"ఎలా ఉంది?"

ఆయన తిన్నాడు. తీర్పు చెప్పేవాడిలా మెడగుడ్డ సర్దుకున్నాడు. "ఇంకొంచెం పడాలి" అన్నాడు.

"వద్దు!" అని క్యూ మొత్తం ఒక్కసారిగా అరిచింది. "వెయ్యొద్దమ్మా, ఆయన మాట వినకు!"

నాకు నవ్వొచ్చింది. ఎంత నవ్వానంటే చేతి గుడ్డతో కళ్ళు తుడుచుకోవాల్సి వచ్చింది. ఆల్మా లోపలికి వచ్చి నా పక్కన నిలబడింది. ప్రతి వాయికీ ఒక ముక్క తిని "చాలు" అనో "కొంచెం" అనో చెప్పింది. సాయంత్రానికి, ఇక జన్మలో ఫ్రైస్ ముట్టనంది. రేపు ఫెర్నాండ్ వస్తాడట.

నాలుగింటికి దుంపలు అయిపోయాయి. బండి మూసి, కొత్త రాళ్ళ మీద వేసిన బెంచీ మీద ఆల్మా పక్కన కూర్చున్నాను. బీరు కొట్టు ఆయన రెండు గ్లాసులు తెచ్చి పెట్టాడు. ఒక పొట్లం మిగిలింది, ఇద్దరి మధ్యా పెట్టుకున్నాం. నా నోటికి ఎప్పటిలాగే వెచ్చటి కాగితం, చల్లటి నీళ్ళు.

"ఎలా ఉంది, చెప్పవే" అన్నాను.

"ఏముంది, పైన కరకర, లోపల మెత్తగా..."

"అది నాకూ తెలుసు. రుచి చెప్పు."

ఆల్మా కాసేపు నమిలింది. దుంప తీపి ముందు తగులుతుందంది. ఆ వెనకే కొవ్వు, పెంకు మీద మాంసం వేగినట్టు. బీరు తాగితే ఆ కొవ్వంతా కొట్టుకుపోయి, గొంతు చివర చేదు నిలుస్తుందంది. ఆ చేదు మీ ఒడీల్ తోటదే అయ్యుండాలి, కాస్త పచ్చిగడ్డి వాసన ఉంది అంది. చెప్పడం రాదంటూనే చాలాసేపు చెప్పింది. నేను లేవకుండా కూర్చుని అంతా విన్నాను.

మంగళవారం రా. ఆకలితో రా.

మీ అక్క,
గోడలీవ